అరవై ఒక్క చావులూ ఒక మెచ్చుకోలూ

కొమరలంక కోమలి థియేటర్లోకి వెళ్ళడానికి టిక్కెట్టు చాలు. బయటికి రావడానికి మాత్రం అభిప్రాయం కావాలి.

ఏర్పాటు ప్రభుత్వం వారిది. సినిమా చూసిన జనం తమ అభిప్రాయాలను టీ కొట్ల దగ్గరా ఫోన్లలోనూ పారబోసి వృథా చేస్తున్నారని ఒక పెద్దాయన సభలో కంటతడి పెట్టారట. వారం తిరక్కుండా ప్రేక్షకాభిప్రాయ పరిరక్షణ సంస్థ వెలిసింది. థియేటరుకొక నమోదుదారుణ్ణి వేశారు. ఆట వదిలేసరికి అతను గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాడు. అభిప్రాయం చెప్పి, సంతకం పెట్టి, వెళ్ళాలి. "ఏమో" అన్నవాణ్ణి పక్కన బెంచీ మీద కూర్చోబెడతారు. ఏదో ఒకటి తోచేదాకా వాడికి ఇల్లు లేదు.

మొదట్లో నమోదుదారులు ఇంట్లోనే కాలు మీద కాలేసుకుని "బాగుంది, బాగుంది" అని నూటయాభైసార్లు రాసి పంపేవారు. ఒక ఊళ్ళో అసలు ఆడని సినిమా కూడా నాలుగొందల మందికి బాగుంది. దాంతో పైవారికి ఒళ్ళు మండి తొమ్మిదో నిబంధన చేర్చారు. "ప్రేక్షకుని నోట వెలువడిన మాటను వెలువడినది వెలువడినట్లు, కొమ్ము దీర్ఘముల తేడా లేక నమోదు చేయవలెను. దిద్దుట, మార్చుట, అర్థము చేసుకొనుట శిక్షార్హము."

ఆ నిబంధనను మనసా వాచా కర్మణా పాటించినవాడు రాష్ట్రం మొత్తం మీద ఒక్కడే. కొమరలంక నమోదుదారు వామనమూర్తి. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, సన్నగా ఉంటాడు, అబద్ధమాడాల్సివస్తే ఎక్కిళ్ళు వస్తాయి. దస్తూరీ మాత్రం ముత్యాలకోవ. ఆ దస్తూరీ చూసే సత్యవేణి మనసు పారేసుకుంది. ఆమె ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒకసారి పోలియో చుక్కల రోజున పిల్లల పేర్లు రాయడానికి వామనమూర్తిని డ్యూటీ వేశారు. మూడొందల పేర్లు, ఒక్క కొట్టివేత లేదు. సాయంత్రానికి సత్యవేణి పడిపోయింది.

ఇద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకుందామనుకున్నారు. ముహూర్తం రెండుసార్లు తప్పింది. ఒకసారి అతనికి పండగ సినిమాల రద్దీ, ఇంకోసారి ఆమెకు డెంగీ రద్దీ. ఇక మిగిలింది వచ్చే గురువారం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇచ్చిన నోటీసు మురిగిపోతుంది. పై సోమవారం నుంచి సత్యవేణికి ఏజెన్సీ కొండల్లో ఏడాది డ్యూటీ. "ఈసారి తప్పితే నేను కొండదేవరకే మాలేస్తాను" అని ఆమె ముందే చెప్పింది.

సరిగ్గా ఆ ముందు శుక్రవారం "పదమూడో చౌకీ" విడుదలైంది.

అది యుద్ధం సినిమా. దెయ్యాల సినిమా కూడా. మంచుకొండ మీద చౌకీలో పదముగ్గురు జవాన్లు చనిపోతారు. కానీ వాళ్ళను డ్యూటీ దిగమని ఆర్డరు ఎవరూ పంపరు. ఆర్డరు లేదు కాబట్టి వాళ్ళు చచ్చాక కూడా తుపాకులు పట్టుకుని కాపలా కాస్తూనే ఉంటారు. ఇంటర్వెల్ దాకా ఫిరంగులు, ఇంటర్వెల్ తర్వాత మంచులోంచి చేతులు.

సంస్థలో యుద్ధం సినిమాలు శౌర్య విభాగం కిందికి వస్తాయి, గులాబీ ఫారం. దెయ్యం సినిమాలు భయ విభాగం కిందికి, ఆకుపచ్చ ఫారం. ఈ సినిమా తమదంటే తమదని రెండు విభాగాలూ పది రోజులు కొట్టుకుని, చివరికి రెండు ఫారాలనూ కలిపి పిన్ను కొట్టారు. గులాబీ కాగితంలో ప్రశ్న: "మీ ఛాతీ ఎంత ఉప్పొంగినది? (అంగుళములలో)". ఆకుపచ్చ కాగితంలో ప్రశ్న: "మీ గుండె ఎంతసేపు ఆగినది? (సెకన్లలో)".

శుక్రవారం మ్యాట్నీకి నూట నలభై మూడు మంది వచ్చారు. ఇంటర్వెల్‌లోనే తొమ్మిది మంది తువ్వాళ్ళు దులుపుకుని గేటు దగ్గరికొచ్చి, "బతికిపోయాం బాబూ, మిగతాది మీరే చూసుకోండి" అన్నారు. వామనమూర్తి తొమ్మిదిసార్లూ "బతికిపోయాం బాబూ" అని రాశాడు.

ఆట వదిలాక అసలు వరస మొదలైంది. ముందుగా రిటైరైన హవల్దారు బంగారయ్య వచ్చాడు. నిజం యుద్ధాలు రెండు చూసిన మనిషి.

"ఛాతీ ఎంత ఉప్పొంగిందండి?" అన్నాడు వామనమూర్తి.

"ఉప్పొంగే ఉంటాది. మావిడ స్వెట్టరు తొడిగేసింది, లోపల ఏం జరిగిందో తెలీలేదు. రాసుకో బాబూ, తుపాకులు మనకో లెక్కకాదు. ఆ మంచులోంచి చెయ్యి పైకొచ్చిందే, అప్పుడు మాత్రం చచ్చాననుకో."

వామనమూర్తి రాసుకున్నాడు. వెనక కుర్రాడు, "ఇంటర్వెల్ దాకా మనోళ్ళు వాళ్ళని చంపారండి, ఇంటర్వెల్ తర్వాత మమ్మల్ని చంపారు" అన్నాడు. ఆ వెనకావిడ "చచ్చాం తల్లీ" అంది. ఆ వెనకాయన "నేనూ అదే" అన్నాడు. "అదే అంటే కుదరదండి, మాట చెప్పాలి" అని వామనమూర్తి పట్టుబడితే ఆయన విసుక్కుని, "చచ్చాను! చాలా?" అన్నాడు. "చాలా" కూడా రాయాల్సివచ్చింది.

చివర్లో సత్యవేణి వచ్చింది. డ్యూటీ నుంచి సరాసరి సినిమాకొచ్చినట్టుంది, భుజాన టీకామందుల ఐసుపెట్టె అలాగే ఉంది. బల్ల మీద వాలి నవ్వింది.

"రాసుకోండి సార్. భయంతో చచ్చాను. గురువారం దాకా బతికుంటే పెళ్ళి చేసుకుంటాను. ఇదీ రాస్తారా?"

"రాసేశానండి" అన్నాడు వామనమూర్తి, చివర చుక్క పెడుతూ. ఆమె సంతకం చేసి, మంచుగడ్డలాంటి చెయ్యి అతని మెడ మీద పెట్టి పరిగెత్తింది. అతను ఉలిక్కిపడ్డాడు గానీ, డ్యూటీలో ఉన్నాడు కనక ఏమీ అనలేదు.

మొత్తం లెక్క తేలింది. చచ్చామన్నవారు అరవై ఒక్కరు.

ఇక్కడ అనుసంధానం గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఏడు ప్రభుత్వానికి అనుసంధానం పూనింది. ఏ ఆఫీసు కంప్యూటరైనా ఇంకో ఆఫీసు కంప్యూటరు చెయ్యి పట్టుకుని ఉండాల్సిందే. పశువుల ఆస్పత్రిని విద్యుత్ శాఖతో కలిపారు. అభిప్రాయాల సంస్థను జనన మరణాల శాఖతో కలిపారు. ఎందుకు కలిపారని ఎవరూ అడగలేదు, కలిసిందని సంబరపడ్డారు. వామనమూర్తి కాగితాలు శనివారం రాజధాని చేరాయి. అక్కడి యంత్రానికి చదవడం వచ్చు, అర్థం చేసుకోవడం నిషిద్ధం. "చచ్చాను" అనే మాట కనబడ్డ ప్రతిచోటా అది మరణాల శాఖకు కబురు పెట్టింది. వాళ్ళు ఆదివారం కూడా పనిచేసి అరవై ఒక్క పేర్లూ ఎక్కించారు. ప్రభుత్వం చకచకా పనిచెయ్యదంటారు గానీ, మనిషి చావాలే గానీ అది ఎంత చురుగ్గా ఉంటుందో!

సోమవారం ఉదయం కోమలి థియేటరు ముందు జీపు ఆగింది. అందులోంచి సంస్థ ప్రాంతీయ సంచాలకులు విభూషణరావు గారు దిగారు. తెల్ల సఫారీ, నల్ల కళ్ళద్దాలు, ముఖాన ముందే సిద్ధం చేసుకున్న విషాదం. వెనక వ్యానులో అరవై ఒక్క పూలదండలు. ప్లాస్టిక్‌వి. ప్రభుత్వ దండలు కాబట్టి మళ్ళీ మళ్ళీ పనికిరావాలని ఆ ఏర్పాటు. ఒక్కోదానికీ "శ్రద్ధాంజలి" అని చీటీ కట్టి ఉంది.

థియేటరు యజమాని సోమేశ్వర్రావు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు పోయారండీ?"

"మీ హాల్లో ఒకే ఆటలో అరవై ఒక్కరు అసువులు బాశారు. ఈ దుర్ఘటన పట్ల సంస్థ తన ప్రగాఢ సంతాపాన్ని వ్యక్తపరుస్తూ, మృతుల కుటుంబాలు తదుపరి ఆటకు రావలసిందిగా కోరుతున్నది."

దండల వ్యాను చూసి జనం పోగయ్యారు. వాళ్ళలో సగం మంది మృతులే. విభూషణరావు గారు రెండు నిమిషాల మౌనం ప్రకటిస్తే మృతులు కూడా చెప్పులు విడిచి నిలబడ్డారు. హవల్దారు బంగారయ్య సెల్యూట్ కొట్టాడు. మౌనం అయ్యాక జాబితా చదివారు. తన పేరు వినబడగానే బంగారయ్య "ఎస్సార్!" అన్నాడు.

విభూషణరావు గారు కళ్ళద్దాలు తీశారు. "మీరు మృతులు కదా?"

"ఆయ్, ఎక్కడండీ, నిక్షేపంలా ఉంటేను."

"మరి ఈ సంతకం?"

"నాదేనండి. భయమేసి చచ్చాననుకోమన్నాను. ఆ బాబు అనుకున్నాడు."

"అనుకోవడం మా సంస్థలో లేదు" అన్నారు విభూషణరావు గారు. "మృతుడు స్వహస్తాలతో సంతకం చేసి ధ్రువీకరించిన మరణమిది. ఇంతకంటే పకడ్బందీ మరణం రికార్డుల్లో ఇంకోటి లేదు. మీరు ఇంటర్వెల్‌కు ముందు పోయారా, తర్వాత పోయారా? ముందు అయితే శౌర్య విభాగం, వీరమరణం. తర్వాత అయితే భయ విభాగం, మామూలు మరణం."

బంగారయ్యకు యుద్ధంలో కూడా ఇంత చిక్కు ప్రశ్న ఎదురుకాలేదు. ఇంటికెళ్ళి ఆవిణ్ణడిగి చెబుతానన్నాడు.

ఆ మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రారు గారి నుంచి సత్యవేణికి ఫోను వచ్చింది. "అమ్మా, గురువారం పెళ్ళికి కాగితాలు సిద్ధం చేద్దామని మీ పేరు కొట్టానండి. ఎర్రగా వస్తుంది. స్వర్గస్థులు అంటుందండి. వరుడు బానే ఉన్నారు."

సత్యవేణి ఐసుపెట్టెతో సహా వామనమూర్తి బల్ల దగ్గరికొచ్చింది. వచ్చి తన మణికట్టు తానే పట్టుకుని, గడియారం చూసి, "డెబ్బై ఆరు" అంది. "నాడి బానే ఉంది. మరి నేను చచ్చానంటున్నారేంటి?"

వామనమూర్తి శుక్రవారం ఆమె అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"ఒక్క అక్షరం మార్చి ఉంటే ఏం పోయేది? 'చచ్చాను' బదులు 'మెచ్చాను' అని రాసి ఉండొచ్చుగా?"

"మీరు అలా అనలేదు కదండీ."

"అనలేదు! మీ అక్షరం చూసే కదా ఇష్టపడ్డాను. చివరికి ఆ అక్షరమే పొట్టన పెట్టుకుంది." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియక రెంటినీ కానిచ్చింది. "చూడండి, గురువారం పన్నెండు. అంతే. ఆ తర్వాత నేను కొండల మీద, మీరు ఈ బల్ల దగ్గర."

ఆ మనిషి లేకపోతే తన అక్షరాలు ఎవరి కోసమో వామనమూర్తికి తెలీదు. కాగితాలు పట్టుకుని విభూషణరావు గారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన సోమేశ్వర్రావు పెట్టించిన పెసరట్టు ముగించి, ఉత్తర్వు చెప్పి రాయించారు.

"బతికియున్నామని చెప్పుకొను మృతులు, అదే చిత్రమును, అదే ఆటకు, అదే సీటులో కూర్చుండి తిరిగి చూడవలెను. ఈ పర్యాయము చావకుండా అభిప్రాయమీయవలెను. అట్లు ఇచ్చినచో వారి బ్రతుకు విషయము సానుభూతితో పరిశీలించబడును."

మంగళవారం మ్యాట్నీకి అరవై ఒక్కరూ వచ్చారు. తిరునాళ్ళలా ఉంది హాలు. వామనమూర్తి ముందే స్టేజీ ఎక్కి చేతులు జోడించాడు. "అయ్యా, అమ్మా, దయచేసి గేటు దగ్గర 'మెచ్చాను' అనండి. ఇంకేమీ అనకండి. ఒక్క మాట. మెచ్చాను." అందరూ పిల్లల్లా కలిసి "మెచ్చాను" అని అప్పజెప్పారు.

కానీ దెయ్యం ఎప్పుడొస్తుందో ఒకసారి తెలిశాక ఇక భయమెక్కడుంటుంది? మంచులోంచి మొదటి చెయ్యి పైకి రాగానే ముందు వరసలో ఎవడో "నమోదుదారుగారూ, ఈయనా చెయ్యెత్తాడు, అభిప్రాయం రాసుకోండి" అన్నాడు. హాలు గొల్లుమంది. చచ్చిన సుబేదారు "మనకు దిగమని ఆర్డరు రాలేదు" అన్నప్పుడు బంగారయ్య లేచి, "విభూషణరావు గారినడగరా, సానుభూతితో పరిశీలిస్తారు" అని అరిచాడు. అంతే, ఇక ఫిరంగులు పేలినా ఎవరికీ వినబడలేదు.

గేటు దగ్గరికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. పొట్టలు పట్టుకుని వచ్చారు. వామనమూర్తి కలం పట్టుకుని దేవుణ్ణి తలచుకున్నాడు.

"అబ్బబ్బబ్బ! నవ్వలేక చచ్చానండీ!" అంది మొదటావిడ.

అతని కలం ఆగింది. తొమ్మిదో నిబంధన గుర్తొచ్చింది. రాసింది.

"నవ్వి నవ్వి చచ్చాం." "పొట్ట చెక్కలైపోయి చచ్చాను." "ఛస్తున్నాం మూర్తిగారూ, ఇంకోసారి పెట్టించండి." బంగారయ్య గట్టిగా ఊపిరి పీల్చి, క్రమశిక్షణ గల సిపాయిలా "మె" అని మొదలుపెట్టి, పక్కావిడ మొహం చూసి ఫక్కున నవ్వి, "చచ్చానురా దేవుడా" అని ముగించాడు.

సత్యవేణి ఒక్కతే పళ్ళు బిగబట్టి వచ్చింది. బల్ల ముందు నిటారుగా నిలబడి, అక్షరం అక్షరం ఒత్తి, "మె-చ్చా-ను" అంది. వామనమూర్తి ఆ మాటను పెళ్ళిశుభలేఖలో రాసినట్టు రాశాడు.

విభూషణరావు గారు కాగితాలు తిరగేశారు. "అరవై ఒక్కరిలో అరవై మంది రెండోసారి మరణించారు. ఇది అపూర్వం. చచ్చినవారిని మళ్ళీ చంపగల చిత్రం మన చలనచిత్ర చరిత్రలో లేదు. ఇక ఈ సత్యవేణి గారు..."

"మెచ్చారండి" అన్నాడు వామనమూర్తి ఆశగా.

"చూశాను. మృతురాలు మెచ్చారు. అందువల్ల దీన్ని మరణానంతర మెచ్చుకోలుగా స్వీకరించడమైనది. ఆమెకు మా అభినందనలు తెలియజేయండి. వీలైతే కుటుంబసభ్యులకు కూడా."

బుధవారం సైన్యం నుంచి ఒక కల్నల్ గారు వచ్చారు. ఎవరూ పిలవలేదు, అనుసంధానం పిలిచింది. సన్నటి మీసం, మితభాషి. ఒక గుండు ఖర్చు కాకుండా రెండు ఆటల్లో నూట ఇరవై ఒక్క మందిని పొట్టన పెట్టుకున్న ఆయుధం కొమరలంకలో ఉందని ఆయనకు కబురు అందింది.

"దీని రేంజి ఎంత?" అన్నారు కల్నల్.

విభూషణరావు గారు కాగితాలు చూసి చెప్పారు. "నేల టిక్కెట్టులో నష్టం అధికం. కుర్చీల్లో మధ్యస్థం. బాల్కనీకి చేరేసరికి శక్తి సన్నగిల్లుతున్నది. ఏసీ ఉన్నరోజున ఇంకా తక్కువ."

"గాలివాటంతో సంబంధం ఉందా?"

"ఫ్యాన్లతో ఉందండి" అన్నాడు సోమేశ్వర్రావు, ఏదో ఒకటి చెప్పాలి కనక.

సినిమా ఉన్న డబ్బాను తెప్పించారు. అరచేతి వెడల్పు నల్ల డబ్బా. కల్నల్ గారు దాన్ని దూరంనుంచే చూసి, చుట్టూ ఇసుకబస్తాలు పేర్పించి, ఇద్దరు జవాన్లను కాపలా పెట్టారు. ఆ జవాన్లకు డ్యూటీ ఎప్పుడు దిగాలో చెప్పడం మరిచిపోయి భోజనానికి వెళ్ళిపోయారు. ఆయుధానికి లైసెన్సు లేకుండా రోజుకు నాలుగు ఆటలు పేలుస్తున్నందుకు సోమేశ్వర్రావుకు నోటీసు వచ్చింది. సినిమాను సరిహద్దు అవతలి వాళ్ళకు చూపిస్తే సరిపోతుందా, వాళ్ళకు తెలుగు నేర్పాలా అన్నదాని మీద ఒక ఉపసంఘం కూడా వేశారు. వామనమూర్తికి వీటిలో ఒక్కటే వినబడింది. ఇక ఆటలు బంద్. ఆట లేకపోతే మళ్ళీ చూడ్డం లేదు, మళ్ళీ చూడకపోతే సత్యవేణికి బతుకు లేదు. గురువారం రేపే.

ఆ సాయంత్రం సత్యవేణి పెట్టె సర్దుకుంటోందని విని అతను గుమ్మం దాకా వెళ్ళాడు. "నేను తప్పు రాయలేదండి" అన్నాడు.

"నాకు తెలుసు" అంది ఆమె. "మీరు తప్పు రాస్తే నాకూ నచ్చరు. అదే నా ఖర్మ."

గురువారం ఉదయం పదిన్నరకు కల్నల్ గారు ఒక మెలిక పెట్టారు. ఆయుధాన్ని స్వాధీనం చేసుకునే ముందు బాధ్యతగల అధికారి ఒకరు స్వయంగా పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. బాధ్యతగల అధికారి అంటే విభూషణరావు గారే. ఆయన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క సినిమా చూడలేదు. చూస్తే అభిప్రాయం కలుగుతుందనీ, అభిప్రాయం కలిగితే నిష్పాక్షికత పోతుందనీ ఆయన సిద్ధాంతం.

"ఇంటర్వెల్ తర్వాత భాగమే పెట్టండి. ముందు భాగంతో నాకు నిమిత్తం లేదు" అని బాల్కనీలో ఒంటరిగా కూర్చున్నారు. పక్క సీట్లో వామనమూర్తి, ఒళ్ళో పుస్తకం. ఎవరు సినిమా చూసినా నమోదుదారు ఉండి తీరాలి కదా! హాలు చీకటయింది. తెర మీద మంచు. నిశ్శబ్దం. విభూషణరావు గారు చెమట తుడుచుకున్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ సమయానికే సత్యవేణి థియేటరుకు వచ్చింది. ఆఖరిసారిగా అర్జీ ఇచ్చి చూద్దామని, తెల్లచీర డ్యూటీ డ్రెస్సులోనే, పొద్దుటి టీకాలు ముగించుకుని వచ్చింది. అయ్యగారు బాల్కనీలో ఉన్నారంటే మెట్లెక్కింది. చీకట్లో తడుముకుంటూ వెనక వరసలోకి చేరింది. తెర మీద పదముగ్గురు జవాన్లూ మంచులోంచి నెమ్మదిగా లేచి నిలబడుతున్నారు. సత్యవేణి వంగి, పొద్దుట్నుంచీ ఐసుపెట్టెలో పెట్టి తీస్తూ మంచుగడ్డైపోయిన చెయ్యి చాపి అయ్యగారి మెడ మీద పెట్టింది.

"సార్, నేనండీ. చచ్చిపోయిన సత్యవేణిని."

విభూషణరావు గారు కుర్చీలోంచి మూరెడు ఎత్తు లేచారు. "అమ్మో! చచ్చాన్రా నాయనోయ్!"

వామనమూర్తి కలం కదిలింది. కొమ్ము, దీర్ఘం, ఒక్కటీ తేడా లేదు. "అమ్మో! చచ్చాన్రా నాయనోయ్!" రాస్తున్నప్పుడు ఆ మనిషికి జీవితంలో మొదటిసారి తొమ్మిదో నిబంధన మీద ప్రేమ పుట్టింది.

దీపాలు వెలిగాయి. విభూషణరావు గారు ఊపిరి తీసుకుని పుస్తకంలోకి తొంగి చూశారు. "అది కొట్టెయ్."

"దిద్దుట శిక్షార్హమండి."

"నేను ఆ అర్థంలో అనలేదయ్యా!"

"అర్థము చేసుకొనుట కూడా శిక్షార్హమేనండి" అన్నాడు వామనమూర్తి వినయంగా. సంస్థ కొత్తగా ఇచ్చిన ఫోనుతో ఆ పేజీ ఫొటో తీయగానే నమోదు అప్పటికప్పుడే రాజధానికి వెళ్ళిపోయింది. అధికారుల విషయంలో అనుసంధానం ఇంకా చురుకు. ఐదు నిమిషాల్లో డ్రైవరు పైకొచ్చి దణ్ణం పెట్టాడు. "అయ్యగారూ, పోయినవారి జీపు వెంటనే అప్పజెప్పాలంట. వస్తానండి. మీరు మంచోరండి." జీపు వెళ్ళిపోయింది. ఆ వెంటనే ఫోను మోగింది. ఉపసంచాలకుడు.

"సార్, ఇప్పుడే తెలిసింది. మీరు లేని లోటు తీరనిది."

"నేనే మాట్లాడుతున్నానయ్యా!"

"అదే సార్. మాట్లాడుతుంటే ఇంకా దుఃఖమొస్తోంది. మీ గది తాళాలు ఎక్కడున్నాయి?"

విభూషణరావు గారు కుర్చీలో కూలబడ్డారు. మొహంలో ముందే సిద్ధం చేసుకోని విషాదం మొదటిసారి కనిపించింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై. సత్యవేణి అలవాటుగా ఆయన నాడి పట్టుకుంది. "నూట ముప్ఫై. చచ్చినాయనకి ఎక్కువే" అంది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నారాయన. "ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదు. నేను లేను."

వామనమూర్తి గొంతు సవరించుకున్నాడు. "మరణవాంగ్మూలం ఇవ్వచ్చండి. దానికి తిరుగులేదు. చెప్పండి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. స్పృహలో ఉన్నారని నర్సుగారు సంతకం చేస్తారు."

"ఆమె కూడా మృతురాలేగా?"

"వాంగ్మూలం చెల్లితే ఆమె బతికినట్టండి. ఆమె బతికితే సంతకం చెల్లినట్టండి. సంతకం చెల్లితే వాంగ్మూలం చెల్లినట్టండి."

విభూషణరావు గారికి ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత ఇంపైన వాదన వినే భాగ్యం కలగలేదు. కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడి చెప్పారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, నోరుండి 'చచ్చితిని' అని చెప్పుకొనువాడు బతికియున్నవాడని భావించవలెను. నాతో మొదలుపెట్టి అందరికీ ఇది వర్తించును." అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ జీపు పోయిన మంటలో ఉన్నారు, పైగా అధికారి, ఒక్క క్లాజుతో ఆగడం వంశంలో లేదు. "అట్లే, దీనికి వ్యతిరేకార్థమిచ్చు మాటలను వ్యతిరేకముగా గ్రహించవలెను."

వామనమూర్తి రాశాడు, సత్యవేణి సంతకం చేసింది, కాగితం వెళ్ళింది. రాజధానిలో యంత్రం అన్ని గడులూ నిండి ఉన్నాయో లేదో చూసింది. నిండి ఉన్నాయి. ఒప్పుకుంది. కొమరలంకలో అరవై రెండు మంది ఒక్క క్షణంలో లేచి కూర్చున్నారు. విభూషణరావు గారు డ్రైవరుకు ఫోను చేసుకుంటూ మెట్లు దిగిపోయారు.

పదకొండూ నలభై. వామనమూర్తి, సత్యవేణి, సోమేశ్వర్రావు, బంగారయ్య, ఒకే ఆటోలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు. ఆయన పేరు కొట్టి చూసి, "పచ్చగా వచ్చిందమ్మా!" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "దండలేవీ?" అన్నాడు. హడావుడిలో ఎవరికీ దండలు గుర్తులేవు. సోమవారం థియేటరు దగ్గర మిగిలిపోయిన రెండు ప్లాస్టిక్ దండల్ని సోమేశ్వర్రావు ఆటో వెనక నుంచి తీశాడు. సత్యవేణి "శ్రద్ధాంజలి" చీటీలు రెండూ పీకి కొంగున ముడేసుకుంది. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా సంతకాలయ్యాయి. వామనమూర్తి సంతకం మొదటిసారి కొంచెం వంకరపోయింది. సత్యవేణి ఆ వంకర చూసి నవ్వింది, తర్వాత ఏడ్చింది.

అప్పుడే సబ్ రిజిస్ట్రారు బల్ల మీద ఫోను మోగింది. ఆయన విని, చెయ్యి అడ్డం పెట్టి చెప్పాడు. "అదేదో రెండో క్లాజంట. 'బతికిపోయాం' అన్నవాళ్ళకి ఇప్పుడు అర్థం తిరగబడిందంట. మొన్న ఇంటర్వెల్లో లేచి ఇంటికెళ్ళిపోయిన తొమ్మిది మందీ పోయారంట. పైగా ఆ మాటలో 'పోయాం' అని వాళ్ళే ఒప్పుకున్నారంట. దండల వ్యాను వాళ్ళ వీధిలోకి తిరిగిందండి."

వామనమూర్తి ఇదేమీ సరిగా వినలేదు. వారం రోజుల బరువు దిగిన మనిషి, నుదుటి చెమట అరచేత్తో తుడుచుకుని, పెళ్ళాం వైపు తిరిగి, కడుపునిండా గాలి పీల్చుకున్నాడు.

"హమ్మయ్య, సత్యా! బతికిపో..."

సత్యవేణి చల్లటి చెయ్యి అతని నోటికి అడ్డం పడింది.

"నోరు ముయ్యండి" అంది. "మా ఆయన నాకు ఇప్పుడే దొరికాడు."